జాజ్ ఫెస్టివల్, శాక్సోఫోన్: మీ ప్రశ్నలు, నా జవాబులు

లేబర్ డే (ఇక్కడ అమెరికాలో సెప్టెంబర్ మొదటి సోమవారం) దగ్గరపడుతోంది కదా, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు డెట్రాయిట్ జాజ్ ఫెస్టివల్ గురించే. మిగతావి శాక్సోఫోన్ నేర్చుకోవడం గురించి. రెండింటికీ కలిపే జవాబులు రాస్తున్నాను. నాకు అవి వేరు వేరు విషయాలుగా ఎప్పుడూ అనిపించలేదు. కాస్త వాయించడం వచ్చినవాళ్లకి వినడం బాగా వస్తుంది, బాగా విన్నవాళ్లు వాయిస్తే ఆ తేడా తెలిసిపోతుంది.

ప్రశ్న: మేం నోవైలో ఉంటాం. ఇన్నేళ్లుగా మిషిగన్‌లో ఉండి కూడా జాజ్ ఫెస్టివల్‌కి ఒక్కసారీ వెళ్లలేదు. నాకు జాజ్ వింటే ఎవరికి తోచింది వాళ్లు వాయించుకుంటూ పోతున్నట్టు ఉంటుంది. పాట ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు అయిపోయిందో తెలీదు. "అర్థం కానిదానికి అంత దూరం ఎందుకు" అంటున్నారు మావారు. వెళ్లమంటారా? (ఒక పాఠకురాలు, నోవై)

వెళ్లండి. ఇద్దరూ వెళ్లండి. పైగా టికెట్టు కొనక్కర్లేదు. 1980లో మొదలైన ఈ ఫెస్టివల్ లేబర్ డే వారాంతంలో నాలుగు రోజులు జరుగుతుంది, పెద్ద పెద్ద విద్వాంసులు వస్తారు, అయినా అన్ని స్టేజీల దగ్గరా ఉచితమే. దీని వెనక ఒక మనిషి ఉన్నారు. కార్‌హార్ట్ బట్టల కంపెనీ కుటుంబానికి చెందిన గ్రెచెన్ వలాడ్ అనే ఆవిడ 2006లో కోటి డాలర్ల నిధి ఇచ్చి ఈ ఫెస్టివల్‌ని నిలబెట్టారు. ఆవిడ 2022లో చనిపోయారు. ఊరి సంగీతానికి ఒక మనిషి చేయగలిగినదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ఇక అర్థం కావడం గురించి. ఎవరికి తోచింది వాళ్లు వాయించడం లేదండీ, అందరూ ఒకే చట్రంలో ఉన్నారు. మొదట అందరూ కలిసి ఒక వరస వాయిస్తారు, దాన్ని హెడ్ అంటారు. తర్వాత ఒక్కొక్కరూ సోలో తీసుకుంటారు. సోలోలో ఆ వరస వినపడదు, కానీ దాని కింద ఉన్న కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుంపులు, వాటి క్రమం అదే వరసలో మళ్లీ మళ్లీ తిరుగుతూనే ఉంటుంది. చివర్లో అందరూ కలిసి మళ్లీ హెడ్‌కి వచ్చి ముగిస్తారు. పల్లవి ఎత్తుకుని, కల్పనస్వరాలు వేసి, మళ్లీ పల్లవి అందుకునే కచేరీలు విన్న చెవికి ఇది అంత కొత్తేమీ కాదు. తాళం మీద నిఘా పెట్టండి, సగం గందరగోళం అక్కడే పోతుంది.

బ్లూస్ అనే రకం పాటలతో మొదలుపెట్టండి, అదే తేలిక. నాలుగు దెబ్బలకి ఒక బార్, అలాంటివి పన్నెండు అయితే ఒక ఆవర్తం. వేళ్ల మీద ఆదితాళం లెక్కపెట్టడం మీకు వస్తే ఇదీ వచ్చినట్టే. లెక్కపెట్టేటప్పుడు డ్రమ్స్‌ని కాదు, నిలువెత్తు బేస్ వాయించే ఆయన్ని చూడండి, ఆయన వేళ్లు దెబ్బకో స్వరం చొప్పున నడుస్తుంటాయి. పన్నెండు పూర్తయి మళ్లీ ఒకటి దగ్గరికి వచ్చినప్పుడు శాక్సోఫోన్ ఆయన కొత్త ఊపిరి తీసుకుని కొత్త మాట ఎత్తుకోవడం మీకే కనిపిస్తుంది. ఇంకో రకం ముప్ఫై రెండు బార్లది. ఎనిమిదేసి బార్లు నాలుగు భాగాలు, అందులో మూడోది మాత్రం దారి మార్చి వేరే వైపు వెళ్లి, నాలుగోదానికి ఇంటికి వస్తుంది. సోలోలు అయ్యాక ఒక్కోసారి డ్రమ్మర్‌తో నాలుగేసి బార్లు పంచుకుంటారు, నువ్వు నాలుగు నేను నాలుగు అన్నట్టు. అక్కడ లెక్క తప్పకుండా ఉండగలిగితే ఆ రోజు పార్కింగ్ డబ్బులు గిట్టినట్టే అని మీవారితో చెప్పండి.

ఒక్కో సోలో అయిపోగానే జనం చప్పట్లు కొడతారు, పాట ఇంకా నడుస్తూనే ఉంటుంది, మీరూ కొట్టండి. ఇంకో మాట, మొత్తం బ్యాండుని ఒకేసారి వినాలని ప్రయత్నించకండి. ఒక పాటంతా ఒక్క మనిషినే పట్టుకోండి. నేనైతే శాక్సోఫోన్‌నే పట్టుకోమంటాను, ఎందుకంటే అది మనిషి గొంతుకి దగ్గరగా ఉంటుంది, ఎక్కడ ఆగిందో ఎక్కడ అడిగిందో తెలుస్తుంది.

స్టేజీలు రెండు ప్రాంతాల్లో ఉంటాయి. నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో కొన్ని (అవతలి ఒడ్డు కెనడాలోని విండ్సర్), వుడ్‌వార్డ్ అవెన్యూ మీద క్యాంపస్ మార్షియస్ దగ్గర ఇంకోటి. మధ్యలో నడిచే దూరమే. నలభై పేర్లున్న షెడ్యూల్ చూసి టెన్షన్ పడకండి, రోజుకి మూడు కచేరీలు ఎంచుకుని వాటిని మొదటి నుంచి చివరిదాకా కూర్చుని వినండి. స్కూలు, కాలేజీ పిల్లల బ్యాండ్లు కూడా వాయిస్తాయి. వాటిని వదలొద్దు, అక్కడ జనం తక్కువ, దగ్గరగా కూర్చోవచ్చు, వేళ్లు కనిపిస్తాయి. టోపీ, నీళ్లు తీసుకెళ్లండి, వాన పడే అవకాశం ఉందేమో చూసుకుని బయల్దేరండి.

ఇదంతా డెట్రాయిట్‌లో ఎందుకు జరుగుతోందో కూడా తెలుసుకుని వెళ్తే బాగుంటుంది. కార్ల ఫ్యాక్టరీల్లో పని కోసం దక్షిణాది నుంచి వచ్చిన నల్లజాతి కుటుంబాలు బ్లాక్ బాటమ్, ప్యారడైజ్ వ్యాలీ అనే పేటల్లో స్థిరపడ్డాయి. క్లబ్బులన్నీ అక్కడే ఉండేవి. తర్వాత ఫ్రీవే కోసం, పట్టణ పునర్నిర్మాణం పేరుతో ఆ పేటల్ని పడగొట్టేశారు. మనం ఇవాళ డౌన్‌టౌన్‌కి వెళ్తూ ఎక్కే ఐ-375 ఆ ఇళ్ల మీదుగానే పోతుంది. పేటలు పోయినా సంగీతం పోలేదు. యూసెఫ్ లతీఫ్ ఈ ఊళ్లో పెరిగాడు, కెన్నీ గ్యారెట్, జేమ్స్ కార్టర్ ఈ ఊళ్లోనే పుట్టారు, ముగ్గురూ శాక్సోఫోన్‌వాళ్లే. ట్రంపెట్ విద్వాంసుడు మార్కస్ బెల్‌గ్రేవ్ లాంటి పెద్దలు ఇక్కడే ఉండి, ఒక తరం తర్వాత ఇంకో తరాన్ని చేరదీసి నేర్పారు. గ్యారెట్, కార్టర్ ఇద్దరూ ఆయన దగ్గర తయారైనవాళ్లే. ఫెస్టివల్ లేనప్పుడు వినాలనిపిస్తే లివర్నోయ్ మీద బేకర్స్ కీబోర్డ్ లాంజ్ ఉంది, 1934 నాటిది.

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. కిందటేడు ఫెస్టివల్‌లో ఒకాయన ఆల్టో శాక్సోఫోన్ వాయిస్తుంటే చూసి అప్పట్నుంచి మనసు దాని మీదే ఉంది. సంగీతం ఏమీ రాదు. ఉండేది అపార్ట్‌మెంట్. ఈ వయసులో మొదలుపెడితే వస్తుందా, లేక ఊరికే డబ్బు తగలేసినట్టా? (కాంటన్ నుంచి)

వస్తుంది. గాలి వాయిద్యాల్లో తొందరగా చేతికొచ్చేవాటిలో శాక్సోఫోన్ ఒకటి. వేళ్ల అమరిక తిన్నగా ఉంటుంది, వెనక వైపు ఎడమ బొటనవేలి దగ్గర ఉండే ఆక్టేవ్ కీ నొక్కితే దాదాపు అవే వేళ్లతో పై స్థాయి పలుకుతుంది. అడాల్ఫ్ శాక్స్ అనే బెల్జియం ఆయన దీన్ని రూపొందించి 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు, మిలిటరీ బ్యాండ్లలో బయట గట్టిగా వినపడాలన్నది ఆయన ఉద్దేశాల్లో ఒకటి. అంటే మీ పక్కింటివాళ్ల సమస్య పుట్టుకతోనే ఉంది! దానికి మళ్లీ వస్తాను.

వెంటనే కొనకండి. స్కూలు బ్యాండు పిల్లల కోసం వాయిద్యాలు నెలవారీ అద్దెకిచ్చే మ్యూజిక్ షాపులు మన చుట్టుపక్కల ఉన్నాయి, పెద్దవాళ్లకీ ఇస్తారు. ఆల్టోనే తీసుకోండి. దానికంటే పెద్దదైన టెనర్ శాక్సోఫోన్ గొంతు ఎంత గంభీరంగా ఉన్నా అది బరువు, గాలి కూడా ఎక్కువ అడుగుతుంది. యమహా వాళ్ల విద్యార్థి మోడల్ దొరికితే చాలు. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా వచ్చే పేరులేని వాయిద్యాల జోలికి వెళ్లొద్దు, వాటి కీలు త్వరగా వంగుతాయి, రిపేరు చేసేవాళ్లు ముట్టుకోరు, తప్పు వాయిద్యానిదో మీదో తెలీక మీరే మానేస్తారు.

మొదటి వారం మొత్తం వాయిద్యాన్ని బిగించనే వద్దు. మౌత్‌పీస్ (నోట్లో పెట్టుకునే భాగం), రీడ్, లిగేచర్ (రీడ్‌ని మౌత్‌పీస్‌కి పట్టి ఉంచే పట్టీ), ఈ మూడే తీయండి. రీడ్ అంటే పలచగా చెక్కిన రెల్లు ముక్క. మొత్తం ఇత్తడిదైనా శాక్సోఫోన్‌ని చెక్క వాయిద్యాల కుటుంబంలో వేసింది ఈ ముక్క వల్లే. రీడ్ ఎంత గట్టిదో నంబర్లలో చెప్తారు, రెండో నంబరుది తీసుకోండి. కాసేపు నోట్లో పెట్టుకుని తడపండి. మౌత్‌పీస్ బల్లపరుపు వైపు పెట్టి, రెండింటి కొసలు సరిగ్గా కలిసేలా జరపండి, పైనుంచి చూస్తే మౌత్‌పీస్ అంచు వెంట్రుకవాసి కనపడితే చాలు. అప్పుడు లిగేచర్ బిగించండి, స్క్రూలు పట్టి ఉంచేంత వరకే, పిండేయకండి. పై పళ్లు మౌత్‌పీస్ మీద ఆనాలి, కింది పెదవి కింది పళ్ల మీదికి కొద్దిగా మడిచి మెత్తలా ఉండాలి, బుగ్గలు ఉబ్బకూడదు. ఊదండి. ఆల్టో మౌత్‌పీస్ ఒక్కటీ ఊదితే దాదాపు పై 'ఎ' స్వరం రావాలి, ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని చూసుకోవచ్చు. అంతకన్నా పైకి పోతుంటే పెదవులతో కరుస్తున్నారన్నమాట, వదులు చేయండి. కిందికి జారుతుంటే పెదవుల మూలలు కాస్త బిగించండి.

అది నిలబడ్డాక వాయిద్యం బిగించి, మెడ పట్టీని మౌత్‌పీస్ తనంతట తానే నోటి దగ్గరికి వచ్చేలా సర్దుకోండి. తల వంచి దాని దగ్గరికి వెళ్లకూడదు, మెడ నొప్పులన్నీ అక్కడే మొదలు. ముందు ఎడమ చేతి వేళ్లతో పలికే మూడు స్వరాలు, 'బి', 'ఎ', 'జి'. రోజూ మొదటి పది నిమిషాలు ఈ మూడింటినీ ఒక్కొక్కటి ఊపిరి అయిపోయేదాకా, వణక్కుండా, ఒకే మోతాదులో పట్టుకోవడం. దీన్ని లాంగ్ టోన్స్ అంటారు. విసుగ్గా ఉంటుంది, నిజమే, కానీ మీరు ఫెస్టివల్‌లో విని మనసు పారేసుకున్న ఆ గొంతు వేళ్లలోంచి రాలేదు, ఇందులోంచి వచ్చింది. నేను ఇప్పటికీ దీంతోనే మొదలుపెడతాను. వారానికి ఒకరోజు మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ అరగంట మేలు. వాయించాక రీడ్ తీసి తుడిచి దాని డబ్బాలో పెట్టండి, వాయిద్యం లోపలి తడిని గుడ్డతో లాగేయండి. రీడ్లు మూడు నాలుగు మార్చి మార్చి వాడుకోండి.

ఇప్పుడు పక్కిల్లు. గొట్టం మూతిలో గుడ్డలు కుక్కితే లాభం లేదు, ఎందుకంటే చాలా స్వరాల శబ్దం పక్కనున్న రంధ్రాల్లోంచే బయటికి వస్తుంది. బట్టలు వేలాడే వాకిన్ క్లోజెట్‌లో తలుపు వేసుకుని వాయించండి, శబ్దం బాగా తగ్గుతుంది. పక్కవాళ్లని ముందే పలకరించి, ఏ టైమ్ అయితే ఇబ్బంది ఉండదో అడగండి, అడిగినందుకే చాలామంది మెత్తబడతారు. మొదటి రెండు మూడు నెలలైనా టీచర్ దగ్గరికి వెళ్లండి. ఉబ్బసం, బీపీ లాంటివి ఉంటే ముందు డాక్టర్‌ని ఒక మాట అడగండి.

ప్రశ్న: మా అమ్మాయి చిన్నప్పట్నుంచీ కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. ఆరో తరగతిలో స్కూలు బ్యాండులో శాక్సోఫోన్ తీసుకుంటానంటోంది. దీనివల్ల శ్రుతి, గమకం పాడవుతాయా అని మాకు భయం. (ఒక తల్లి, ట్రాయ్)

పాడవవండీ. కద్రి గోపాలనాథ్ గారి కచేరీ ఒకటి పెట్టి వినిపించండి, మీ భయం దానంతటదే పోతుంది. దక్షిణ కన్నడ జిల్లాలో 1949లో పుట్టారు, తండ్రి నాగస్వర విద్వాంసులు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని దాని వెంట పడి, గమకాలు పలకవనుకున్న వాయిద్యం మీద ఏళ్ల తరబడి సాధన చేసి రాగాలు పలికించారు. 1994లో లండన్ బీబీసీ ప్రామ్స్‌లో వాయించారు, 2004లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన పోయినప్పుడు నాకు ఇంట్లో మనిషి పోయినట్టే అనిపించింది. అమెరికాలో పెరిగిన జాజ్ ఆల్టో విద్వాంసుడు రుద్రేశ్ మహంతప్ప ఆయనతో కలిసి 2008లో 'కిన్స్‌మెన్' అనే ఆల్బమ్ చేశారు. అది మీ అమ్మాయికి తప్పకుండా వినిపించండి, రెండు దారులూ ఎక్కడ కలుస్తాయో అందులో ఉంది.

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పండి. ఆల్టో ఈ-ఫ్లాట్ వాయిద్యం, అంటే అందులో 'సి' వాయిస్తే పియానో మీద ఈ-ఫ్లాట్ పలుకుతుంది. శ్రుతి బాక్సు రెండున్నర దగ్గర పెడితే ఆల్టో 'సి' షడ్జమం అవుతుంది. ఇంట్లో అలా పెట్టుకుని తనకి వచ్చిన వర్ణాన్ని మెల్లగా స్వరస్థానాలతో వాయించమనండి. గమకం ఇప్పుడే వద్దు. పెదవితో స్వరాన్ని వంచడం, ప్యాడ్‌ని, అంటే రంధ్రాన్ని మూసే తోలు మెత్తని, మెల్లగా తెరుస్తూ జారడం తర్వాత నేర్చుకోవచ్చు, ముందు నిలకడ రావాలి. స్కూలు బ్యాండులో మాత్రం అక్కడి మాస్టారు చెప్పినట్టే. ఆ పిల్లకి నా మాటగా ఇంకోటి చెప్పండి: ఫెస్టివల్‌లో హైస్కూలు బ్యాండ్లు వాయించే స్టేజీ ముందు కూర్చోమని.

ప్రశ్న: మా పెదనాన్న పెళ్లిళ్లలో బ్యాండు మేళంలో వాయించేవారు. ఆయన పాత శాక్సోఫోన్ అటక మీద ఉంది. బాగు చేయిస్తే పని చేస్తుందా? (రాజమండ్రి నుంచి)

చూడందే చెప్పలేను కానీ, ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. రాత్రి లైట్లు ఆర్పేసి, గొట్టం లోపలికి సన్నటి ఎల్‌ఈడీ దీపాల తీగ దించి, ఒక్కో కీ మెల్లగా నొక్కండి. మూసుకున్న ప్యాడ్ చుట్టూ వెలుగు కనపడితే అక్కడ గాలి పోతోందని అర్థం. ఎక్కువచోట్ల కనపడితే ప్యాడ్లన్నీ మార్చాలి, అటక మీద ఏళ్లపాటు ఉన్నదాని తోలు ఎండిపోయి ఉండటమే మామూలు. గొట్టం వంగిందా, కీల కడ్డీలు తుప్పు పట్టి బిగుసుకున్నాయా చూడండి. ఇవి సరిగ్గా ఉంటే బాగు చేయించొచ్చు. ఇత్తడి మెరవాలని యాసిడ్, చింతపండు పెట్టి తోమొద్దు, పైపూత పోతుంది, తడి చేరి ప్యాడ్లు పాడవుతాయి. మీ ఊళ్లో పాత బ్యాండు మేళాలవాళ్లు ఇంకా ఉంటారు, ముందు వాళ్లని అడగండి. ఆ వాయిద్యాన్ని ఎవరి చేత బాగు చేయించేవారో వాళ్లకి తెలిసి ఉంటుంది.