స్పానిష్ రెండో ఏడు: ఇంట్లో తెలుగు ఎంతవరకు ఆసరా అవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇక్కడ ఒక కేంబ్రిడ్జ్ పాఠశాలలో పదో తరగతి చదువుతోంది. తొమ్మిదో తరగతిలో విదేశీ భాషగా స్పానిష్ తీసుకుంది. మొదటి ఏడు మంచి మార్కులే వచ్చాయి కానీ, ఈ ఏడు భూతకాలం పాఠాలు మొదలైనప్పటి నుంచి తడబడుతోంది. ఇంగ్లీషులో ఒకే మాటకు స్పానిష్‌లో రెండు క్రియారూపాలు ఉంటాయట; ఎక్కడ ఏది రాయాలో తేల్చుకోలేకపోతోంది. మా ఇంట్లో ఎవరికీ స్పానిష్ రాదు. నేను ఏ విధంగా సాయపడగలను?
— ఒక తల్లి, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: రెండో ఏడు స్పానిష్ చదివే పిల్లల్లో ఎక్కువమంది తడబడేది సరిగ్గా ఇక్కడే. మొదటి ఏట పలకరింపులు, కుటుంబం, భోజనం, బడి వంటి విషయాల మీద వర్తమానకాలంలో చిన్న వాక్యాలు రాస్తే సరిపోతుంది. రెండో ఏట జరిగిపోయిన సంగతిని కథగా చెప్పవలసి వస్తుంది, అందుకు స్పానిష్‌లో రెండు భూతకాలాలు కావాలి. జరిగి ముగిసిన పనికి ప్రెటరిట్ వాడాలనీ, అలవాటుగా జరుగుతూ వచ్చిన పనికీ, ఒక సంఘటన జరిగే వేళకు దాని వెనుక సాగుతున్న పనికీ ఇంపర్‌ఫెక్ట్ వాడాలనీ పాఠ్యపుస్తకం చెబుతుంది. ఇంగ్లీషులో 'వెంట్' అన్న ఒక్క రూపం చాలాచోట్ల రెండు అవసరాలకూ సరిపోతుంది కాబట్టి, ఇంగ్లీషులో ఆలోచించి స్పానిష్‌లో రాసే పిల్లలు ఈ తేడాను నియమంగా బట్టీపట్టి, పరీక్ష హాలులో ఆ నియమాన్ని గుర్తుచేసుకోవలసి వస్తుంది.

తెలుగు మాట్లాడే పిల్లలకు ఆ కష్టం చాలామటుకు అక్కర్లేదు. 'నిన్న పార్కుకు వెళ్ళాను' అన్న వాక్యం స్పానిష్‌లో 'అయేర్ ఫుయి అల్ పార్కే' అవుతుంది. 'చిన్నప్పుడు రోజూ పార్కుకు వెళ్ళేదాన్ని' అన్నది 'క్వాందో ఎరా నిన్యా, ఇబా అల్ పార్కే తోదోస్ లోస్ దియాస్' అవుతుంది. 'ఫుయి' ప్రెటరిట్, 'ఇబా' ఇంపర్‌ఫెక్ట్. 'వెళ్ళాను' అనవలసిన చోట 'వెళ్ళేదాన్ని' అని మీ అమ్మాయి ఎన్నడూ అనదు. ఆ వివేకం ఆమెకు మాటలు వచ్చిన నాటి నుంచీ ఉంది. తరగతిలో ఆమె ఇంగ్లీషు దారిన నడుస్తోంది కాబట్టి అది అక్కరకు రావడం లేదు, అంతే.

ఈ పోలిక ఇంకా లోతుకు వెళుతుంది. 'మూడేళ్ళు చెన్నైలో ఉన్నాను' అని లెక్క ముగించి చెప్పినప్పుడు స్పానిష్‌లో ప్రెటరిట్ 'బిబీ' వస్తుంది, 'అప్పట్లో చెన్నైలో ఉండేవాళ్ళం' అన్నప్పుడు ఇంపర్‌ఫెక్ట్ 'బిబియామోస్' వస్తుంది. 'ఆ సంగతి నాకు నిన్న తెలిసింది' అంటే 'సూపే', 'ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు' అంటే 'సబియా'. ఒకే క్రియకు రెండు రూపాల్లో అర్థం ఎందుకు మారుతుందో ఇంగ్లీషు మాధ్యమంలో వివరించడానికి ఉపాధ్యాయులు ఎంతో శ్రమపడతారు. 'తెలిసింది', 'తెలుసు' అన్న రెండు మాటలు వాడే ఇంట్లో ఆ వివరణ ఒక్క వాక్యంలో పూర్తవుతుంది.

అయితే తెలుగు ప్రతిచోటా సరిగ్గా దారి చూపదు, ఆ చోట్లు కూడా మీ అమ్మాయికి తెలియాలి. 'నేను ఇంటికి చేరేసరికి వర్షం పడుతోంది' అని మనం కథ చెబుతూ వర్తమాన రూపాన్ని వాడతాం. స్పానిష్‌లో అక్కడ 'యోవియా' అన్న ఇంపర్‌ఫెక్ట్ రూపమే రావాలి, వర్తమానం 'యుయేవే' రాస్తే తప్పు. అలాగే 'అప్పుడు ఐదు గంటలైంది' అని మనం పూర్తయిన పనిగా చెప్పే చోట స్పానిష్‌లో 'ఎరాన్ లాస్ సింకో' అని ఇంపర్‌ఫెక్ట్ వస్తుంది. గడియారంలో సమయం, మనిషి వయసు, వాతావరణం అనే మూడింటినీ కథకు నేపథ్యంగా చెప్పేటప్పుడు ఇంపర్‌ఫెక్ట్ అని ఆమె నోటుపుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టుకుంటే చాలు.

ఇక మీరు చేయగలిగినది. మీ ఇంట్లో అమ్మమ్మ గాని నానమ్మ గాని ఉంటే, రాత్రి భోజనాలయ్యాక తమ చిన్ననాటి సంగతి ఏదైనా మీ అమ్మాయికి చెప్పమనండి. పెద్దవాళ్ళు బాల్యం గురించి చెప్పేటప్పుడు 'వేసవిలో చెరువు గట్టుకు వెళ్ళేవాళ్ళం, తాటిముంజలు తినేవాళ్ళం, ఒకరోజు గట్టు మీద పాము కనబడింది, అందరం పరుగెత్తాం' అన్న వరసలో చెబుతారు. 'ఒకరోజు' అన్న మాట దగ్గర క్రియలు ఎలా మారిపోయాయో చూడండి. స్పానిష్‌లో కూడా 'ఉన్ దియా' దగ్గరే ఇంపర్‌ఫెక్ట్ నుంచి ప్రెటరిట్‌కు మారాలి. ఆ కథలో పది పన్నెండు వాక్యాలు మీ అమ్మాయి మొదట తెలుగులో రాసి, 'ఏవాళ్ళం' అన్న క్రియల కింద ఒక రంగుతో, 'ఆం', 'ఇంది' అన్న క్రియల కింద మరొక రంగుతో గీత గీసి, ఆ తరువాతే స్పానిష్‌లో రాయాలి. తెలుగు లిపి రాకపోతే మీరు రాసిపెట్టండి. ఆ గీతలు సరిగా పడ్డాయో లేదో చూడడానికి మీకు స్పానిష్ రానవసరం లేదు.

రూపాలను మాత్రం కంఠస్థం చేయవలసిందే, దానికి మరో మార్గం లేదు. ఇంపర్‌ఫెక్ట్‌లో నియమం తప్పే క్రియలు 'సేర్', 'ఇర్', 'వేర్' అనే మూడే కాబట్టి అది ఒక పూటలో పూర్తవుతుంది. ప్రెటరిట్‌లో 'తూవే', 'ఎస్తూవే', 'ఇసే' వంటివి చాలా ఉన్నాయి. పైగా 'ఉండు' అనే 'సేర్'కూ, 'వెళ్ళు' అనే 'ఇర్'కూ ప్రెటరిట్ రూపాలు ఒకటే. రోజుకు రెండు క్రియల చొప్పున మీరు పుస్తకం పట్టుకుని అప్పజెప్పించుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి బడిలో ఇంగ్లీషు, కన్నడ, హిందీ ఉన్నాయి, వాటి మీద స్పానిష్ రెండో ఏడు. ఇన్ని భాషల మధ్య గందరగోళపడుతున్నాడనీ, ఇంట్లో తెలుగు తగ్గించి ఇంగ్లీషే మాట్లాడితే మేలనీ ఒక ఉపాధ్యాయురాలు సలహా ఇచ్చారు. పాటించమంటారా, లేక స్పానిష్ మాన్పించమంటారా?
— ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: రెండూ వద్దు. ఆ సలహా సదుద్దేశంతో ఇచ్చినదే అయినా, దానిని పాటిస్తే స్పానిష్‌కు అన్నిటికంటే దగ్గరగా పనికివచ్చే భాషనే మీ అబ్బాయి నుంచి దూరం చేసినట్లవుతుంది. పై జవాబులోని భూతకాలం సంగతి ఒక్కటే కాదు. రెండో ఏట 'గుస్తార్' (నచ్చు) తరహా క్రియలు విరివిగా వస్తాయి. 'నాకు మామిడిపండు నచ్చుతుంది', 'నాకు మామిడిపళ్ళు నచ్చుతాయి' అన్నప్పుడు తెలుగులో క్రియ నచ్చిన వస్తువును బట్టి మారుతుంది, స్పానిష్‌లో 'మే గుస్తా', 'మే గుస్తాన్' అచ్చంగా అలాగే మారతాయి. 'నాకు కాళ్ళు నొప్పెడుతున్నాయి' అన్న వాక్యం ఏ మార్పూ లేకుండా 'మే దుయేలెన్ లోస్ పియేస్' అవుతుంది. ఇంగ్లీషులో ఆలోచించేవాడు ఇక్కడ 'నేను' అన్న కర్తను వెతుక్కుని తప్పు రాస్తాడు. స్నేహితుడికి 'తూ', పెద్దవారికి 'ఉస్తేద్' అన్న మర్యాద భేదం కూడా 'నువ్వు', 'మీరు' అంటూ పెరిగిన పిల్లవాడికి కొత్త కాదు. కాకపోతే 'ఉస్తేద్'కు ప్రథమ పురుష ఏకవచన క్రియ వస్తుందన్నది గుర్తుంచుకోవాలి.

మిగిలిన భాషలూ బరువేమీ కావు. కన్నడలో 'హోగుత్తిద్దె' అన్న రూపం అలవాటుగా జరిగినదానిని చెప్పగలదు, 'ననగె ఇష్ట' అన్నది మన వాక్యం వంటిదే. తెలుగు సాయపడలేని చోట హిందీ సాయపడుతుంది. ప్రాణంలేని వస్తువులకు స్త్రీ, పురుష భేదం మనకు లేదు. కానీ 'రోటీ' స్త్రీలింగమనీ 'పానీ' పుంలింగమనీ హిందీ తరగతిలో ఒప్పుకున్న పిల్లవాడు, 'లా మానో' స్త్రీలింగమనీ 'ఎల్ ప్రోబ్లేమా' పుంలింగమనీ అదే విధంగా ఒప్పుకోగలడు. ఏ నామవాచకాన్నయినా ముందున్న 'ఎల్', 'లా'తో కలిపే నేర్చుకోమనండి.

మధ్యలో మాన్పించడం విషయానికి వస్తే, మొదటి ఏడాది శ్రమ ఫలించే దశలో ఉన్నప్పుడు మానడం నష్టమని నా దృఢమైన అభిప్రాయం. 2020 జాతీయ విద్యావిధానం మాధ్యమిక స్థాయిలో అందించదగిన విదేశీ భాషల్లో స్పానిష్‌ను పేర్కొంది. స్పెయిన్ ప్రభుత్వం 1991లో స్థాపించిన ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ నిర్వహించే డెలే అనే స్పానిష్ ప్రావీణ్య పరీక్షల్లో బడి పిల్లల కోసం ప్రత్యేకమైనవి ఉన్నాయి. వాటిలో నెగ్గితే వచ్చే పత్రానికి కాలపరిమితి ఉండదు. పై చదువులకు హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. పదో తరగతి తరువాత ఏం చేయాలన్నది అప్పుడు అబ్బాయి ఇష్టాన్ని బట్టి నిర్ణయించండి.

ప్రశ్న: నేను పదో తరగతి విద్యార్థిని. రాతలో ఫరవాలేదు కానీ మాట్లాడే పరీక్ష అంటే భయం. నా ఉచ్చారణ ఇంగ్లీషులా ఉందని మా టీచరు అంటున్నారు. ఎలా సరిచేసుకోవాలి?
— బనశంకరి, బెంగళూరు

జవాబు: కేంబ్రిడ్జ్ వారి పదో తరగతి స్థాయి పరీక్ష అయిన ఐజీసీఎస్ఈ స్పానిష్‌లో వినడం, చదవడం, మాట్లాడడం, రాయడం నాలుగింటికీ సమానంగా మార్కులు ఉంటాయి కాబట్టి, నువ్వు దీనిని ఇప్పుడే పట్టించుకోవడం మంచిది. స్పానిష్ పాఠాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో చూడగానే మన నాలుక 'టెంగో', 'డోస్' అంటుంది. 'తెంగో', 'దోస్' అనాలి. త, ద తప్ప ట, డ ఎక్కడా పలకకూడదు. 'ర' ఒక్కటే ఉంటే మన 'ర' లాగే, రెండు ఉంటే 'గొర్రె', 'కర్ర' అన్నప్పటి లాగే నాలుకను అదిలించాలి. 'పేరో' అంటే 'కానీ', 'పెర్రో' అంటే 'కుక్క'. మాట మొదట్లో వచ్చే 'ర' కూడా 'ర్ర' లాగానే పలుకుతుంది.

మనకు నిజంగా కష్టమైనది ఊనిక. తెలుగులో మాటలోని ఏ అక్షరాన్ని ఒత్తి పలికినా అర్థం మారదు, స్పానిష్‌లో మారుతుంది. 'మాట్లాడతాను' అనడానికి మొదటి అక్షరం మీద ఊనిక ఉంటుంది, మనకు 'ఆబ్లొ' అని వినిపిస్తుంది. 'అతను మాట్లాడాడు' అనడానికి చివరి అక్షరం మీద ఉంటుంది, 'అబ్లో' అని వినిపిస్తుంది. రాతలో ఆ చివరి అక్షరం మీద గీత తప్పనిసరి. అచ్చుతోగాని, 'న్', 'స్' అక్షరాలతోగాని ముగిసే మాటల్లో చివరి నుంచి రెండో అక్షరం మీద, మిగిలిన మాటల్లో చివరి అక్షరం మీద ఊనిక ఉంటుంది. దీనికి భిన్నంగా ఉన్నప్పుడు గీత కనిపిస్తుంది. ప్రెటరిట్ రూపాలు అప్పజెప్పేటప్పుడు ఊనిక ఉన్న అక్షరం దగ్గర బల్ల మీద వేలితో తట్టు. ఫోనులో నీ గొంతు రికార్డు చేసుకుని, పాఠ్యపుస్తకంతో వచ్చిన ఆడియోను, దానిని ఒకదాని వెంట ఒకటి విను. ఆడియో స్పెయిన్ ఉచ్చారణలో ఉంటే 'సింకో'లోని మొదటి హల్లు 'థ'కు దగ్గరగా, లాటిన్ అమెరికా ఉచ్చారణలో ఉంటే 'స'గా వినిపిస్తుంది. రెండూ సరైనవే, మీ టీచరు పలికేదానినే నువ్వూ పలుకు.