గోల్ఫ్‌లో గ్రిప్ మార్చుకుంటే బంతి దిశ మారుతుందా?

క్లబ్‌ను, అంటే బంతిని కొట్టే కర్రను, పట్టుకునే ఓవర్‌ల్యాపింగ్ గ్రిప్ వదిలి ఇంటర్‌లాకింగ్‌కు మారితే బంతి కుడివైపుకు వంగిపోవడం ఆగుతుందా అన్నది ప్రశ్న. సాధారణంగా ఆ ఒక్క మార్పుతో ఆగదు. కుడిచేతి చిటికెనవేలు ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ల నడుమ పైన ఆనితే ఓవర్‌ల్యాపింగ్. అదే వేలు ఎడమ చూపుడువేలితో పెనవేసుకుంటే ఇంటర్‌లాకింగ్. రెండూ చేతులను ఒక్కటిగా కలిపి ఉంచే పద్ధతులే. మొదటిదానికి ప్రాచుర్యం తెచ్చిన హ్యారీ వార్డన్ ఓపెన్ ఛాంపియన్‌షిప్‌ను 6 సార్లు గెలవగా, జాక్ నిక్లాస్, టైగర్ వుడ్స్ రెండోదానితో ఆడారు. చేతులు చిన్నవైతే రెండోది సుఖంగా ఉండవచ్చు, అంతే.

బంతి దిశపై ఎక్కువ ప్రభావం చూపేది, క్లబ్ మీద చేతులు ఎటు తిరిగి ఉన్నాయన్న సంగతి. కుడిచేతి వాటం ఆటగాడు తల వంచి చూసినప్పుడు ఎడమచేతి వేళ్ల కణుపుల్లో ఒక్కటే కనిపిస్తే అది బలహీనమైన పట్టు. బంతిని తాకే క్షణానికి క్లబ్ ముఖం (బంతిని తాకే భాగం) తెరుచుకునే, అంటే కుడివైపుకు తిరిగే ఉండి స్లైస్ పడే, అంటే బంతి కుడివైపుకు వంగిపోయే, అవకాశం పెరుగుతుంది. రెండు మూడు కణుపులు కనిపించేలా చేతిని కుడికి తిప్పితే ముఖం మూసుకోవడం సులువవుతుంది, కానీ అతిగా తిప్పితే హుక్, అంటే బంతి ఎడమవైపుకు వంగిపోవడం, మొదలవుతుంది. ప్రసిద్ధ గోల్ఫర్ బెన్ హోగన్ తన హుక్‌ను అదుపు చేసుకోవడానికి పట్టును బలహీనపరచుకున్నారన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

కొత్త పట్టు మొదట్లో తప్పుగానే అనిపిస్తుంది. ఆ ఇబ్బందికి క్లబ్‌ను గట్టిగా బిగించడం నా దృష్టిలో అన్నిటికంటే హాని చేసే అలవాటు, ఎందుకంటే మణికట్టు బిగుసుకుని వేగం తగ్గుతుంది. అందుకే పోటీలకు ముందు మార్చకుండా, చిన్న షాట్లతో సాధన మొదలుపెట్టి, చేతులు కుదురుకున్నాకే డ్రైవర్ (దూరపు షాట్ల పొడవాటి క్లబ్) పట్టుకోవడం మంచిది.