‘మందూ మాకూ’లో ఈ ‘మాకు’ ఏమిటి?

సందేహం: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఒంట్లో నలతగా ఉందంటే మా అమ్మమ్మ “మందూ మాకూ ఏమైనా వేసుకున్నావా?” అని అడుగుతుంది. ఒడియా బడిలో చదివే మా అబ్బాయి “మందు మాకు ఇమ్మని అర్థమా?” అంటున్నాడు. ఇది తప్పు మాటా? అలాగే పసరు మందు ఇచ్చే పెద్దాయనను ‘హస్తవాసి మంచిది’ అంటారు. ఈ ‘వాసి’ ఏమిటి?

సమాధానం: తప్పు కాదు, చక్కని పాత మాట. ఇక్కడ ‘మాకు’ అంటే చెట్టు. దీని పూర్వరూపం మ్రాకు. మ్రొక్కు మొక్కు అయినట్టు, మ్రింగు మింగు అయినట్టు ఇందులోనూ రేఫ (ర ధ్వని) జారిపోయింది. దీని తోబుట్టువు మ్రాను కూడా అలాగే మాను అయి, రావిమాను, వేపమాను అంటూ ఇంకా సొంతంగా బతుకుతోంది. ‘మాకు’ మాత్రం ‘మందు’ చెయ్యి పట్టుకునే మన దాకా వచ్చింది. వేరు తవ్వినా, బెరడు ఒలిచినా, వావిలాకు నూరి పసరు పిండినా మందు దొరికేది చెట్టు దగ్గరే కనుక ఆ జంట విడిపోలేదు. మీ చుట్టూ వినిపించే ఒడియా మాట ‘చేరమూళి’ని (మూలికల మందు) చూడండి. చేర అంటే వేరు. మూళి కూడా మూలం నుంచి వచ్చినదే. తెలుగు మందుకు చెట్టును జత చేస్తే, ఒడియా వేరునే మందు పేరు చేసుకుంది!

‘మాకు’ను దిద్ది ‘మ్రాకు’ అని రాయనక్కర్లేదు. వాడుక భాషలోనే రాయాలని గిడుగు రామమూర్తి పంతులు గారు వాదించింది మీ పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన అనుభవంతోనే కదా.

ఇక హస్తవాసి. గ్రామవాసిలో ఉన్న సంస్కృత ‘వాసి’, అంటే నివసించేవాడు, ఇక్కడ పొసగదు. రాశి కన్నా వాసి ముఖ్యం అంటామే, ఆ తెలుగు వాసిగానే నేను దీన్ని అర్థం చేసుకుంటాను. మేలు, శ్రేష్ఠత అని అర్థం. ఆ ఆకును ఎవరైనా నూరవచ్చు. ఆయన చేత్తో ఇస్తే గుణమిస్తుందని ఊరి నమ్మకం. పెద్ద చదువులు చదివిన డాక్టరును మెచ్చుకోవడానికీ మనకు ఈ మాటే కావలసి వస్తోంది.

మీ అమ్మమ్మ గారికి తెలిసిన పసరు మొక్కల పేర్లను ఆవిడ పలికినట్టే మీ అబ్బాయి చేత రాయించి పంపండి. నిఘంటువులకు ఎక్కని పేర్లు వాటిలో ఉంటాయని నా ఆశ.