అమ్మమ్మకి వచ్చింది, అమ్మకి మొదలైనట్టుంది... నాకూ వస్తుందా?

ప్రశ్న: మా అమ్మమ్మ 83 ఏళ్లప్పుడు మమ్మల్నందర్నీ మర్చిపోయింది, చివర్లో అమ్మని పట్టుకుని నువ్వెవరమ్మా అని అడిగేది. ఇప్పుడు మా అమ్మకి 74. చెప్పిందే చెప్తోంది, టీవీ సౌండ్ ఇల్లెగిరిపోయేట్టు పెడుతోంది, పిలిస్తే పలకదు. నాకు 49, బీపీ ఉంది, మొన్న కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికాను. వయసు పైబడితే ఇది అందరికీ వచ్చేదేనా డాక్టర్ గారూ? వంశంలో ఉంది కాబట్టి నాకూ తప్పదా? – ఒక పాఠకురాలు

జవాబు: కళ్లజోడు సంగతి వదిలేయండమ్మా, నేనూ వెతుక్కుంటాను. మర్చిపోయారు, దొరికింది, అది గుర్తుపెట్టుకుని నాకు ఉత్తరం కూడా రాశారు. డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయి రోజువారీ పనులకే అడ్డొచ్చే జబ్బు) ఉన్నవాళ్లకి చాలాసార్లు మర్చిపోయిన సంగతే గుర్తుండదు.

అందరికీ రాదు. 2021 లెక్కల ప్రకారం ప్రపంచం మొత్తం మీద 5 కోట్ల 70 లక్షల మందికి ఉంది, ఏటా కోటి మంది దాకా కొత్తగా చేరుతున్నారు, అంటే తక్కువేం కాదు. 65 దాటాక దాదాపు ప్రతి అయిదేళ్లకీ రిస్క్ రెట్టింపవుతూ పోతుంది, అయినా సరే 85 దాటినవాళ్లలో కూడా ఎక్కువమంది తెలివిగానే ఉంటారు. అందుకే "పెద్దవాళ్లు కదా, మామూలే" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక వంశం. మామూలు అల్జీమర్స్‌లో (డిమెన్షియా కేసుల్లో 60–70 శాతం ఇదే) ఏపీఓఈ4 అనే జీన్ ఉంటే రిస్క్ పెరుగుతుంది గానీ అది ఉన్నా రానివాళ్లున్నారు, లేకపోయినా వచ్చినవాళ్లున్నారు. తల్లిదండ్రుల నుంచి దాదాపు ఖాయంగా వచ్చే రకం వేరే ఉంది, అది చాలా అరుదు, సాధారణంగా 65 లోపే బయటపడుతుంది. మీ అమ్మమ్మకి 83లో వచ్చిందంటే ఆ రకం అయ్యే అవకాశం చాలా తక్కువ.

మన చేతిలో ఉన్నవి చూద్దాం. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో 14 కారణాలు చెప్పింది, అవన్నీ లేకుండా చేయగలిగితే దాదాపు 45 శాతం కేసులు ఆపొచ్చు లేదా వెనక్కి నెట్టొచ్చు అని. ఇది జనం మొత్తానికి వేసిన లెక్క, మీ ఒక్కరి రిస్క్ 45 శాతం తగ్గుతుందని కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. షుగర్, సిగరెట్, మందు, ఒంటరితనం, తలకి దెబ్బలు, డిప్రెషన్, కాలుష్యం, చూపు తగ్గినా పట్టించుకోకపోవడం అన్నీ అందులో ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద వాటా రెండిటిది: నడివయసులో చెడు కొలెస్ట్రాల్, వినికిడి తగ్గడం.

టీవీ సౌండ్ గురించి రాశారు చూశారా, నేను అక్కడే ఆగాను. చెవి సరిగ్గా వినపడకపోతే మాట పట్టుకోడానికే మెదడు అలిసిపోతుంది, గుర్తుపెట్టుకోడానికి ఇంకేం మిగులుతుంది, పైగా నలుగురిలో కూర్చోవడం మానేస్తారు. 2023లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో వినికిడి మిషన్ వల్ల మొత్తం మీద తేడా కనపడలేదు గానీ, రిస్క్ ఎక్కువున్న పెద్దవాళ్లలో మాత్రం మూడేళ్లలో జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గే వేగం 48 శాతం తగ్గింది. అసలు మీ అమ్మగారు మర్చిపోతున్నారా, లేక మీ మాట ఆవిడకి వినపడనే లేదా? ముందు అది తేల్చుకోండి. చెవుల టెస్ట్‌తో పాటు బీ12, థైరాయిడ్ చూపించండి, డిప్రెషన్ ఉందేమో అడగండి, నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు కూడా మతిమరుపు తెచ్చిపెడతాయి.

మీ బీపీ సంగతి కూడా తేలిగ్గా తీసుకోకండి, 49లో ఉన్న బీపీ డెబ్భైల్లో లెక్క అడుగుతుంది. అమ్మతో వెళ్లినరోజే మీ కొలెస్ట్రాల్ టెస్ట్ కూడా చేయించుకోండి. అమ్మ వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. డాక్టర్ ఆవిడ్ని ఏదైనా అడిగినప్పుడు మాత్రం దయచేసి మీరు మధ్యలో అందుకుని చెప్పేయకండి, ఆవిడ ఎంతసేపు తడుముకున్నా సరే.