సెయింట్ లూయిస్ నగరం పక్క కౌంటీ ప్రత్యేక విద్యా డిస్ట్రిక్టులో చేరాలా?

వైకల్యమున్న పిల్లల చదువుకు చేరడమే మేలు, కాకపోతే ఆ ఖర్చుకు తగ్గ ఆస్తి పన్ను నగరవాసులూ కట్టాలి. అసలు పేచీ అక్కడే.

అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో ఈ నగరం 1876లోనే కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) నుంచి విడిపోయింది. అందుకే 1957లో కౌంటీ కోసం ఏర్పడిన స్పెషల్ స్కూల్ డిస్ట్రిక్ట్ పరిధిలోకి రాలేదు. కౌంటీలోని 22 స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఒక్కో ప్రాంతంలో ప్రభుత్వ బడులు నడిపే సంస్థలు) వైకల్యమున్న పిల్లలకు టీచర్లను, థెరపిస్టులను ఆ ఒక్క సంస్థే సమకూరుస్తుంది. నగరంలో ఎవరి ఏర్పాటు వారిదే, ప్రభుత్వ నిధులతో స్వతంత్రంగా నడిచే చార్టర్ స్కూళ్లలో చాలావాటితో సహా.

ఒక చిన్న చార్టర్ స్కూల్లో వినికిడి లేని పిల్లవాడు ఒక్కడే ఉన్నాడనుకోండి. అతని కోసం సైగల భాష వచ్చిన టీచరును పూర్తి జీతంతో పెట్టుకోవడం తలకు మించిన భారం. ఉమ్మడి సంస్థ అయితే అదే టీచరును ఉదయం ఒక బడికి, మధ్యాహ్నం మరో బడికి పంపగలదు. ఇలాంటి అరుదైన అవసరాల దగ్గరే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

చేరకపోతే పిల్లలకు హక్కులే ఉండవన్నది అపోహ. 1975 నాటి ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టం ప్రకారం వారికి ఉచితంగా తగిన విద్య అందించే బాధ్యత ఎటూ ప్రభుత్వ బడులదే. చేరితే పిల్లలను వేరే బడికి తరలిస్తారన్న భయమూ అంతే; కౌంటీలో ఎక్కువమంది మామూలు బడుల్లోనే మిగతా పిల్లలతో కలిసి చదువుతున్నారు.