కుక్క పడుకునే తీరు మారిందా? అది చెప్పేది వినండి

సందేహం: మా కొబ్బరి తోటలో కాపలాకు ఒక నాటు కుక్క ఉంది. నాలుగేళ్లది. మధ్యాహ్నం పూట తడి పాదులో కాళ్లు బార్లా చాపి నిద్రపోయేది. నాలుగు రోజులుగా కుదురుగా పడుకోవడం లేదు. ముందు కాళ్లు నేలకు ఆనించి, వెనక భాగం పైకెత్తి అలాగే ఉండిపోతోంది. తిండీ తగ్గింది. ఒళ్లు విరుచుకుంటోంది, ఆడుకుంటోంది అని పక్క తోటవాళ్లు అంటున్నారు. వారం కిందట దాళ్వా చేలో ఎలుకల మందు పెట్టాం. పడుకునే తీరును బట్టి కుక్క బాధ తెలుసుకోవచ్చా?
– ఒక రైతు, రాజోలు ప్రాంతం

జవాబు: మీ కుక్క ఆడుకోవడం లేదండీ. మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే దానికి కడుపునొప్పి ఉందని నా అనుమానం. ఇవాళే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. బండి కుదరకపోతే సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయండి.

నిద్ర లేచిన కుక్క కూడా అచ్చం ఇలాగే వంగి ఒళ్లు విరుచుకుంటుంది, అయితే అది రెండు మూడు సెకన్ల పని. ఆటకు పిలిచేటప్పుడూ వంగుతుంది. అప్పుడు తోక ఊపుతూ మీ ముఖంలోకి చూస్తుంది, మరుక్షణం గెంతుతుంది. నొప్పి ఉన్న కుక్క మాత్రం వంగిన చోటే ఆగిపోతుంది. అలా ఉంటే పొట్టకు కాస్త ఊరట. తర్వాత లేచి, నాలుగడుగులు వేసి, మళ్లీ అలాగే వంగుతుంది. విందులో మిగిలిన నూనె కూరలు, మాంసం కొవ్వు తిన్నాక క్లోమం వాచినా ఇలా చేస్తుంది. ఎముక ముక్క పేగులో అడ్డుపడినా ఇంతే.

మీరు చివర్లో రాసిన ఎలుకల మందు మాటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. బ్రోమాడియోలోన్ అనే ఎలుకల మందును నూకల్లో, నూనెలో కలిపి పెడతాం కదా, ఆ వాసనకు కుక్కలూ తింటాయి. మందు తిన్న ఎలుకను కుక్క పట్టుకుని తిన్నా ప్రమాదమే. ఈ మందు రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. తిన్న రోజు ఏమీ తెలియదు, సాధారణంగా 3 నుంచి 5 రోజులకు లోపల రక్తం కారడం మొదలవుతుంది. మీరు చెప్పిన రోజుల లెక్క దీనికి సరిపోతోంది.

కుక్క సహకరిస్తే పెదవి పైకెత్తి చిగురు చూడండి. లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు 2 సెకన్లలోపు మళ్లీ రంగు తిరగాలి. మన నాటు కుక్కల్లో కొన్నింటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపలి వైపు చూడాలి. పాలిపోయి ఉంటే ఒక్క గంట కూడా ఆగొద్దు. దీనికి విరుగుడు విటమిన్ కె1. దాన్ని డాక్టరు పర్యవేక్షణలో కొన్ని వారాలు వాడాల్సి వస్తుంది. ఇంతలో గుర్రుమంటే చెయ్యి తీసేయండి, నొప్పితో ఉన్నప్పుడు పెంచిన చేతినైనా కరుస్తుంది. గుర్రుమన్నందుకు కొట్టొద్దు. కొడితే ఈసారి గుర్రుమనకుండానే కరుస్తుంది.

ఒకసారి రొయ్యల చెరువు దగ్గర కాపలా కాసే కుక్కను నా దగ్గరికి తెచ్చారు. "రెండు రాత్రుల నుంచి కూర్చునే ఉంటోందండీ, కాపలా బాగా కాస్తోందనుకున్నాం" అన్నాడు యజమాని. ముందు కాళ్లు ఎడంగా పెట్టి, మెడ ముందుకు సాచి కూర్చుంది. పడుకోబోతే ఊపిరాడక మళ్లీ లేస్తోంది. ఛాతీ నిండా రక్తం చేరింది. అదీ ఎలుకల మందే. అంత దూరం వచ్చాక దాన్ని కాపాడలేకపోయాం. ఆ కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. తెలుసుకోవచ్చు, కానీ ఒక్క భంగిమను పట్టుకుని తేల్చకూడదు. మీ కుక్కకు అలవాటైన తీరు ఏది, అది ఎప్పుడు మారింది అన్నదే చూడాలి. పక్కకు ఒరిగి కాళ్లు చాపిందంటే ఆ చోటు మీద నమ్మకం ఉన్నట్టు. ముడుచుకుంటే ఒంటి వేడి నిలుపుకోవడానికి, పొట్టను కాపాడుకోవడానికి. తడి పాదులో పొట్ట ఆనించడం ఎండకు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ఒగర్పే దిక్కు. మన డెల్టా ఉక్కపోతలో ఆ ఒగర్పు కూడా సరిగా పనిచేయదు, కాబట్టి నీడా నీళ్లూ తప్పనిసరి. నిద్రలో కాళ్లు కొట్టుకుంటే అది కలే, టెన్షన్ పడొద్దు. దూరం నుంచి పేరు పెట్టి పిలిస్తే లేస్తుంది. ఒళ్లు బిగుసుకుని, పిలిచినా తెలివి రాకపోతే అది ఫిట్స్.

వెల్లకిలా పడుకోవడంలోనే జనం ఎక్కువ పొరపడతారు. ఒళ్లు వదులుగా ఉంటే హాయిగా ఉన్నట్టే. అదే మీరు దగ్గరికి వెళ్లగానే తోక ముడిచి, మూతి బిగించి, కళ్ల తెల్లగుడ్డు కనబడేలా పక్కకు చూస్తూ దొర్లిందంటే భయపడుతోంది. పొట్ట నిమరబోకండి. తోక ఊపిందని కూడా నమ్మలేం: బిర్రుగా నిలబెట్టి ఊపే తోక స్నేహానికి కాకపోవచ్చు.

చీకటి మూలకు చేరి, దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, గొంతు మారిన కుక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. ఎముక ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టొద్దు. రేబిస్ అన్నిసార్లూ మీద పడి కరిచే రూపంలో రాదు. కరిచినా, గాయం మీద చొంగ పడినా సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మీ కుక్కకు ఏటా టీకా వేయించకపోతే, కోలుకున్నాక వేయించండి.

ఈలోగా మనం వాడే నొప్పి మాత్రలు ఏవీ వేయొద్దు. కుక్కలకు అవి కడుపులో పుండ్లు చేస్తాయి, రక్తం కారుతుంటే ఇంకా కొంప ముంచుతాయి. బలవంతంగా అన్నం పెట్టొద్దు, నీళ్లు అందుబాటులో ఉంచండి. ఎలుకల మందు ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. బయలుదేరే ముందు అది వంగి నిలబడటాన్ని ఒక నిమిషం ఫోన్‌లో వీడియో తీయండి. ఆసుపత్రి బల్ల మీద భయంతో అది మామూలుగానే నిలబడుతుంది, ఇంటి దగ్గర మీరు చూసింది డాక్టరుకు కనబడదు.
– పశువైద్య శాస్త్రవేత్త