దూరపు రేవులో పాత బోటు కొంటే దారిలో జరిగే నష్టం ఎవరిది?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం తీరం. నేనూ మా తమ్ముడూ వేట మీదే బతుకుతున్నాం. కేరళలోని కొల్లం జిల్లా నీండకర రేవులో 32 అడుగుల పాత ఫైబర్ బోటు, ఇన్‌బోర్డు డీజిల్ ఇంజనుతో సహా రూ. 6.5 లక్షలకు ఉందని ఒక మధ్యవర్తి చెప్పాడు. ఫోన్లో వీడియోలు చూసి బేరం కుదుర్చుకుని, బయానాగా రూ. 50,000 పంపాను. అడుగున ఉన్న పగులు బాగుచేయించి ఇస్తానని యజమాని ఫోన్లో సందేశం పెట్టాడు. ఇప్పుడు మిగిలిన సొమ్మంతా ముందే పంపితేనే లారీ ఎక్కిస్తానని, లారీ ఎక్కిన తర్వాత తనకు సంబంధం లేదని అంటున్నాడు. దారిలో బోటు దెబ్బతింటే ఎవరు బాధ్యులు? స్టాంపు కాగితం మీద రాయించుకుంటే సరిపోతుందా?

జవాబు: మీరు మిగిలిన సొమ్ము పంపకముందే అడిగారు కాబట్టి మీ చేతిలో ఇంకా చాలా ఉంది. యజమాని చెబుతున్న మాట అన్యాయంగా కనిపించవచ్చు గానీ, ఒప్పందంలో వేరే ఏమీ రాసుకోకపోతే చట్టం చాలావరకు అతని పక్షానే నిలుస్తుంది. ఆ సంగతి ముందుగా గ్రహించాలి.

బోటు చర వస్తువు కాబట్టి ఈ లావాదేవీకి 1930 నాటి వస్తు విక్రయ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం నష్టం ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు సొమ్ము ఎవరి దగ్గర ఉందన్న దాన్ని బట్టి గాని, బోటు ఎవరి రేవులో ఉందన్న దాన్ని బట్టి గాని రాదు. ఆ క్షణానికి యాజమాన్యం ఎవరిదో వారిదే నష్టం అని 26వ సెక్షన్ చెబుతుంది. యాజమాన్యం ఎప్పుడు మారుతుందన్నది ఉభయుల ఉద్దేశాన్ని బట్టి ఉంటుంది. ఆ ఉద్దేశం ఎక్కడా వ్యక్తం కాకపోతే, ఫలానా బోటు అని నిర్దిష్టంగా గుర్తించి, అది అప్పగించడానికి సిద్ధంగా ఉన్న స్థితిలో షరతులు లేకుండా బేరం కుదిరినప్పుడు, డబ్బు తర్వాత చెల్లించాల్సి ఉన్నా, బోటు తర్వాత అప్పగించాల్సి ఉన్నా, బేరం కుదిరిన క్షణంలోనే యాజమాన్యం కొన్నవారికి మారిపోతుందని 20వ సెక్షన్ అంటుంది. అంటే బోటును కంటితో చూడకముందే, అది నీండకర రేవులో కట్టి ఉండగానే తుపానుకు మునిగితే, ఆ నష్టం కొత్తపట్నంలో ఉన్న కొనుగోలుదారు మీద పడే ప్రమాదం ఉంటుంది.

మీ విషయంలో ఒక మంచి సంగతి ఉంది. పగులు బాగుచేయించి ఇస్తానని యజమాని రాతపూర్వకంగా ఒప్పుకున్నాడు. అమ్మేవారు వస్తువును అప్పగించదగిన స్థితికి తేవడానికి ఏదైనా చేయవలసి ఉంటే, ఆ పని పూర్తయి, పూర్తయిందని కొన్నవారికి తెలిసే వరకు యాజమాన్యం మారదని 21వ సెక్షన్ స్పష్టం చేస్తున్నది. కాబట్టి ఈరోజుకు ఆ బోటు అతనిదేనని వాదించడానికి మీకు గట్టి ఆధారం ఉంది. ఆ సందేశాన్ని, వీడియోలను, బయానా పంపిన రసీదును చెరిపివేయకండి; ఫోను మార్చినా పాత ఫోను దాచి ఉంచండి. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ప్రవేశపెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం, 2023 లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి, అప్పుడు ఆ ఫోనే అవసరమవుతుంది.

ఇక లారీ సంగతి. అమ్మేవారు సరుకును కొన్నవారికి పంపడానికి రవాణాదారుకు అప్పగిస్తే, అదే కొన్నవారికి అప్పగించినట్లుగా ప్రాథమికంగా భావించాలని వస్తు విక్రయ చట్టం 39వ సెక్షన్ చెబుతుంది. బోటు యజమాని మాటకు బలం ఇక్కడే ఉంది. అయితే అదే సెక్షన్ అతని మీద ఒక బాధ్యత కూడా పెట్టింది: లారీని అతనే మాట్లాడితే, సరుకు స్వభావాన్ని బట్టి న్యాయమైన షరతులతో రవాణా ఒప్పందం చేసుకోవాలి. 32 అడుగుల ఫైబర్ బోటును అడుగున సరైన దిమ్మెలు లేకుండా, పట్టీలు కట్టకుండా, తిరుగు లోడు కోసం చూస్తున్న ఏదో ఒక లారీ మీద పడేసి పంపితే, ఆ అప్పగింతను అప్పగింతగా అంగీకరించేది లేదని మీరు నిరాకరించవచ్చు, లేదా నష్టపరిహారం కోరవచ్చు.

పై నియమాలన్నీ ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు వర్తించేవి. ఒప్పందంలో మరోలా రాసుకునే స్వేచ్ఛను 62వ సెక్షన్ ఉభయులకూ ఇచ్చింది. అందుచేత మీరు అడిగిన స్టాంపు కాగితం కంటే దాని మీద ఏమి రాస్తున్నారన్నదే ముఖ్యం. బోటు కొత్తపట్నంలో దించి, మీరు పరిశీలించి, అందినట్లు సంతకం చేసే వరకు యాజమాన్యమూ, నష్టభయమూ అమ్మేవారివేనని ఒక్క వాక్యం స్పష్టంగా ఉండాలి. దానికి యజమాని ఒప్పుకోకపోతే, కనీసం లోడింగు పూర్తయి, మీ మనిషి సమక్షంలో ఫొటోలు తీసుకునే వరకైనా నష్టభయం అతనిదేనని రాయించండి. ఈ రెండో పద్ధతిలో దారి ప్రమాదం మీది అవుతుంది కాబట్టి, బోటు కదలకముందే రవాణా బీమా మీ పేరున తీసుకోవాలి. అమ్మేవారి పేరున ఉన్న బోటు బీమా బోటుతోపాటు దానంతటది మీకు బదిలీ కాదు.

ఒప్పందం ఏ భాషలో ఉండాలన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది. అతనికి తెలుగు రాదు, మీకు మలయాళం రాదు. ఇంగ్లీషులో రాసుకుని, ఎవరి భాషలో వారికి చదివి వినిపించి, అర్థమైందని సంతకం చేస్తున్నామని చివరి పేరాలో రాసి, వినిపించిన వారి చేత సాక్షి సంతకం పెట్టించండి. తర్వాత నాకు అర్థం కాలేదనే మాటకు తావుండదు.

సొమ్ము విషయంలో నా సలహా ఖచ్చితమైనది: మొత్తం ముందు పంపకండి. డబ్బు కాగితాల వెనక నడవాలి, ముందు నడవకూడదు. మీ ఇద్దరిలో ఒకరు, ఇంజను తెలిసిన మెకానిక్కును వెంటబెట్టుకుని నీండకర వెళ్లి, బోటును నీటిలో నడిపించి చూసి, అసలు పత్రాలు చేతికి తీసుకున్న తర్వాత ఒక భాగం, లారీ ఎక్కిన తర్వాత మరో భాగం, ఇక్కడ దించిన తర్వాత మిగిలినది ఇచ్చేలా వాయిదాలు పెట్టుకోండి. రానుపోను ఖర్చుకు వెనకాడవద్దు. ఆరున్నర లక్షలు మీ ఇంటి భవిష్యత్తు.

పత్రాల దగ్గర తొందర అసలే వద్దు. వేట బోట్లను ఆయా రాష్ట్రాల మత్స్యశాఖే నమోదు చేస్తుంది. కేరళ బోటుకు ఐఎన్‌డీ కేఎల్ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బోటు మీద రాసిన నంబరు, నమోదు పత్రంలోని నంబరు, పత్రంలో ఉన్న ఇంజను నంబరు, ఇంజను మీద చెక్కిన నంబరు ఒకటేనా అన్నది మీ మనిషి స్వయంగా చూసి ఫొటో తీయాలి. ఇంజను తర్వాత మార్చి ఉంటే దాని కొనుగోలు బిల్లు అడగండి. దొంగిలించిన ఇంజనును మీరు ఎంత నిజాయతీగా, ఎంత పూర్తి ధర చెల్లించి కొన్నా, సాధారణంగా అమ్మినవారికి లేని హక్కు మీకు రాదని వస్తు విక్రయ చట్టం 27వ సెక్షన్ నియమం. కేరళలో మత్స్యకార సహకార సంఘాల సమాఖ్య అయిన మత్స్యఫెడ్ ద్వారా మత్స్యకార బృందాలు రుణాలు పొంది బోట్లు, ఇంజన్లు కొనుక్కునే పద్ధతి ఉంది. అటువంటి బోటును వీడియోలో కనిపించిన ఒక్కడే అమ్ముతుంటే, మిగిలిన సభ్యుల సంతకాలు, రుణం తీరినట్టు పత్రం లేకుండా కొనకూడదు. బ్యాంకు రుణం ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ప్రభుత్వ రాయితీతో వచ్చిన బోటయితే అమ్మడానికి సంబంధిత శాఖ అనుమతి చూడాలి.

అక్కడి మత్స్యశాఖ నుంచి యాజమాన్య మార్పు, రాష్ట్రం దాటించడానికి అభ్యంతరం లేదన్న పత్రం యజమాని తెచ్చి ఇవ్వాలని ఒప్పందంలోనే గడువుతో సహా రాయండి, ఎందుకంటే సొమ్ము ముట్టిన తర్వాత ఆ కార్యాలయం చుట్టూ తిరిగే ఓపిక అతనికి ఉండకపోవచ్చు. అవి లేకుండా ఒంగోలులోని మత్స్యశాఖ కార్యాలయంలో మీ పేరున నమోదుకు దరఖాస్తు ముందుకు సాగదు. కేరళ ప్రభుత్వం ఇచ్చిన వేట లైసెన్సు ఇక్కడ చెల్లదు. మన తీరంలో వేటకు 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద విడిగా లైసెన్సు తీసుకోవాలి. నమోదు మారకపోతే డీజిల్ రాయితీ కూడా మీకు అందదు. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం ఉంటుంది కాబట్టి, బోటు ఆ రోజుల్లో చేరేలా చూసుకుంటే వేట దినాలు పోగొట్టుకోకుండా ఈ కాగితాల పని పూర్తి చేసుకోవచ్చు.

బోటును సముద్రం మీదుగానే నడిపించుకు తెస్తే కిరాయి మిగులుతుందని కొందరు చెబుతారు. నేను దీన్ని సమర్థించలేను. కన్యాకుమారి చుట్టి, పాంబన్ దాటి, శ్రీలంకతో సరిహద్దు దగ్గరగా ఉండే పాక్ జలసంధి గుండా, ఇంకా పేరు మారని బోటులో, మీకు తెలియని సరంగుతో ప్రయాణం అది. దారిలో తనిఖీ జరిగితే పత్రాలు వేరొకరివి. కిరాయికి కుదిరిన కళాసీకి ప్రాణాపాయం జరిగితే పరిహారం బాధ్యత మీ మీద పడవచ్చు.

లారీ మాట్లాడేటప్పుడు రవాణా సంస్థ 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద నమోదైనదో లేదో అడగండి. నమోదైన రవాణాదారు మీద దావా వేస్తే, అతని నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని మీరు రుజువు చేయనక్కరలేదు. అయితే సరుకు విలువ ఎక్కువని ప్రకటించి, అందుకు తగిన అదనపు రేటు చెల్లించకపోతే, అతని బాధ్యత కిరాయికి 10 రెట్లకే పరిమితమవుతుంది. కిరాయి రూ. 45,000 అనుకుంటే మీకు దక్కేది ఎక్కువలో ఎక్కువ రూ. 4.5 లక్షలు, మిగిలిన రెండు లక్షలు మీరే మోయాలి. కాబట్టి లారీ రసీదులో బోటు పూర్తి విలువ, ఇంజను నంబరు, లోడింగునాటి స్థితి రాయించండి. మరో ముఖ్యమైన సంగతి, దావా వేయడానికి ముందు రవాణాదారుకు నష్టం గురించి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, దానికి గడువు సరుకు బుక్ చేసిన తేదీ నుంచి 180 రోజులు. బోటు దించిన తేదీ నుంచి లెక్కపెట్టి గడువు పోగొట్టుకోకండి.

బోటు కొలతలు లారీ శరీరాన్ని దాటి పొడుచుకు వస్తే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద రూ. 20,000 జరిమానా, పైగా సరుకు దించే ఖర్చు పడుతుంది. ఆ భారం రవాణాదారుదేనని ముందే రాయించుకోండి. మీరిద్దరూ జీఎస్టీ నమోదు లేని మత్స్యకారులే అయితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే ఎలక్ట్రానిక్ పత్రం) మీ ఇష్టం మీద ఆధారపడిన విషయమే గానీ, రాష్ట్రాల సరిహద్దుల దగ్గర వాదనలు పడకుండా తీసుకోవడమే మేలు.

బోటు వచ్చిన రోజున జాగ్రత్త రెట్టింపు కావాలి. ఫైబర్ బోట్లకు క్రేనుతో దించేటప్పుడు కూడా దెబ్బ తగులుతుంది, అప్పుడు లారీవాడు క్రేనువాడి మీదకు, క్రేనువాడు లారీవాడి మీదకు నెడతారు. లారీ మీద ఉండగానే అన్ని వైపులా వీడియో తీయండి, పగుళ్లు కనిపిస్తే లారీ రసీదు మీద రాసిన తర్వాతే సంతకం చేయండి. బోటు వీడియోలోని వర్ణనకు సరిపోకపోతే వస్తు విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం తిరస్కరించే హక్కు మీకుంది, కానీ సహేతుకమైన సమయంలో తిరస్కరిస్తున్నట్టు చెప్పకుండా దాన్ని వేటకు వాడుకుంటే మీరు అంగీకరించినట్టే. ఆ తర్వాత నష్టపరిహారం మాత్రమే మిగులుతుంది.

వివాదం వస్తే ఎక్కడికి వెళ్లాలి? రవాణా సంస్థ మీద, లేదా బోట్లు అమ్మడమే వృత్తిగా ఉన్న వ్యాపారి మీద అయితే, స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొన్నారు కాబట్టి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లాలోనే, అంటే ఒంగోలులోని జిల్లా కమిషన్‌లోనే, రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. తన సొంత బోటును ఒక్కసారి అమ్ముకునే మత్స్యకారుడు వ్యాపారి కిందకు రాకపోవచ్చు. అతని మీద సివిల్ దావా వేయాలి, దానికి గడువు మూడేళ్లు. బోటును ఇక్కడ అప్పగించాలని ఒప్పందంలో ఉంటే, వ్యాజ్య కారణంలో, అంటే దావాకు మూలమైన సంగతుల్లో, కొంత భాగం ఇక్కడే ఏర్పడుతుంది కాబట్టి ఒంగోలు కోర్టులోనే దావా వేసే వీలు కలుగుతుంది. అది లేకపోతే కొల్లం దాకా తిరగాల్సి రావచ్చు.

ఈ షరతులు యజమానికి ఈరోజే సందేశంగా పంపండి. పగులు బాగుచేసిన తర్వాత చూసుకుని, పత్రాలు అందుకుని, వాయిదాల్లో చెల్లిస్తామని మర్యాదగా రాయండి. నిజమైన అమ్మకందారు ఇందులో కనీసం సగానికైనా ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే, పగులు బాగుచేయకుండా, పత్రాలు చూపకుండా సొమ్మంతా కోరడం బేరానికి విరుద్ధమని చెప్పి, రూ. 50,000 తిరిగి ఇవ్వాలని న్యాయవాది ద్వారా నోటీసు పంపించండి. అసలు ఆ బోటు అతనిదే కాదని తేలితే, లేదా అతను ఫోను తీయడం మానేస్తే, వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. డబ్బు ఇంకా బ్యాంకు ఖాతాల్లో ఉండగా ఎంత త్వరగా చెబితే ఆపడానికి అంత వీలుంటుంది. ఆ తర్వాత భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం ఫిర్యాదును మీ పోలీసు స్టేషన్లోనే ఇవ్వవచ్చు. నేరం కేరళలో జరిగిందన్న కారణంతో వారు తిప్పి పంపకూడదు.